మూతి దగ్గర చీలిన ఇత్తడి

ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ అయిపోయాక మాకు ఇంకో పని ఉండేది. ఖోఖాలు ఏరడం. పేలిన తూటా వదిలేసే ఇత్తడి గొట్టాన్ని రేంజిలో అందరూ ఖోఖా అనేవాళ్లు. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖోఖాలు లెక్కకు రావాలి. ఒక్కటి తక్కువైనా గుంటూరు ఎండలో ఆ గడ్డంతా మళ్లీ వెతకాల్సిందే. ఒకరోజు అలా దొరికిన త్రీనాట్‌త్రీ ఖోఖా ఒకటి చేతిలో తిప్పి చూశాను. వేలెడు పొడవు. అడుగున మందపాటి అంచు, పైకి వెళ్లేకొద్దీ పల్చబడి, భుజం దగ్గర సన్నబడి చిన్న మెడ. ఆ మెడ మీద, మూతి నుంచి కిందికి, గోరు తగిలితే తప్ప తెలియనంత సన్నగా ఒక చీలిక. మిగతా ఖోఖాలన్నీ బాగానే ఉన్నాయి. ఇదెందుకు చీలిందని హవల్దార్ గారిని అడిగితే "పాత మాల్" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దాన్ని సంచిలో వేసి లెక్క అప్పజెప్పాను గానీ, ఆ చీలిక మాత్రం బుర్రలోంచి పోలేదు.

చాలా ఏళ్ల తర్వాత, అమ్మ ఇత్తడి బిందె పట్టుకుని విజయవాడ వన్‌టౌన్‌కి వెళ్లాం. కాళేశ్వరరావు మార్కెట్ దాటాక ఒక సందులో కంచరి పని చేసే పెద్దాయన ఉండేవారు. బిందె మెడ దగ్గర పెద్ద సొట్ట. "ఆచారి గారూ, సొట్ట తీసివ్వండి చాలు" అంది అమ్మ. ఆయన వెంటనే సుత్తి తీసుకోలేదు. బిందె మెడ మీద గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. "సొట్ట తియ్యడం ఎంతసేపమ్మా. ఇట్టాగే తీస్తే చీలుద్ది. ఇదివరకు నాలుగైదుసార్లు కొట్టించినట్టున్నారు, బిగుసుకుపోయింది. ముందు కాక చూపించాలి." కొలిమి నీడలో ఉంది, వెలుతురు తక్కువ. బిందె మెడని నిప్పుల మీద నెమ్మదిగా తిప్పుతూ, అది మసక ఎరుపుకి తిరిగిన క్షణంలో తీసి నీళ్లలో ముంచారు. బుస్సుమంది. ఆ తర్వాత కొయ్య సుత్తితో కొడుతుంటే చప్పుడే మారిపోయింది. ఇందాక ఖంగుమన్నది ఇప్పుడు దబ్బుమంటోంది. సొట్ట అణిగింది, చీలిక లేదు.

నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది ఖోఖా మెడే.

తూటా గొట్టాలకు వాడే ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. మన బిందెల ఇత్తడిలో ఈ పాళ్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి గానీ, స్వభావం ఒకటే. చల్లగా ఉండగానే ఎంతైనా సాగుతుంది, కానీ సాగిన ప్రతిసారీ కొంచెం గట్టిపడుతుంది. కారణం లోపలి అమరికలో ఉంది. లోహంలో పరమాణువులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఆ వరసల్లో అక్కడక్కడా ఒక వరస సగంలోనే ఆగిపోయి ఉంటుంది. లోహం వంగేది ఆ లోపాలు జరగడం వల్లే. కళ్యాణమండపంలో పెద్ద జంపఖానా జరపాలంటే మొత్తాన్ని ఒకేసారి లాగలేం. ఒక చివర ముడత లేపి దాన్ని అవతలి చివరిదాకా తోస్తే జంపఖానా తేలిగ్గా జానెడు జరుగుతుంది. పరమాణువుల వరసలూ అలాగే జరుగుతాయి. 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ అనే ముగ్గురు, ఎవరికి వారే, ఈ సంగతి బయటపెట్టారు. అప్పటిదాకా లెక్కల ప్రకారం లోహాలు ఉండాల్సినదానికన్నా ఎన్నో రెట్లు మెత్తగా ఎందుకున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇప్పుడు అదే జంపఖానాని నలుగురు పిల్లలు నాలుగు వైపుల నుంచి తోశారనుకోండి. ముడతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చిక్కుపడతాయి. ఇక జరగదు. మెత్తటి ఇత్తడిలో ఒక చదరపు మీటరుకి ఇలాంటి లోపాలు లక్ష కోట్ల లోపే ఉంటే, బాగా సుత్తి దెబ్బలు తిన్నదానిలో అవి అంతకు వేలరెట్లు పెరుగుతాయి. ఒకదానికొకటి అడ్డం. జరగడానికి చోటు లేక గట్టిపడుతుంది. ఇంకా బలవంతం చేస్తే వంగదు, చీలుతుంది. ఆచారి గారు గోటితో విన్నది దీన్నే.

తూటా గొట్టం బతుకంతా ఈ బలవంతమే. ట్రిగ్గర్ నొక్కగానే మందు కాలి, సెకనులో వెయ్యోవంతు పట్టేలోపే, లోపలి పీడనం కారు టైరులో ఉండే గాలి పీడనానికి వెయ్యి రెట్లు దాటిపోతుంది. ఇత్తడి గొట్టం ఉబ్బి రైఫిల్ లోపలి ఉక్కు గోడకి అతుక్కుంటుంది. వేడి వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపుకి, రాకుండా ఆపేది ఆ అతుకే. తర్వాత బుల్లెట్ రైఫిల్ గొట్టం దాటిపోయి పీడనం పడిపోగానే ఇత్తడి కాస్త వెనక్కి ముడుచుకోవాలి. ముడుచుకోకపోతే ఖోఖా లోపలే ఇరుక్కుంటుంది.

ఆ "కాస్త" ఎంతో లెక్కేసి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇత్తడి సాగే బిర్రు, అంటే స్థితిస్థాపక గుణకం, సుమారు 110 గిగాపాస్కల్స్, అంటే లక్షా పదివేల మెగాపాస్కల్స్ (పాస్కల్ ఒత్తిడిని కొలిచే ప్రమాణం). గట్టిపడిన ఇత్తడి 400 మెగాపాస్కల్స్ దాకా ఓర్చుకుని తిరిగి తన కొలతకు వస్తుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వెయ్యికి మూడున్నర చిల్లర. గొట్టం అడ్డకొలత 11 మిల్లీమీటర్లు అనుకుంటే, అది వెనక్కి ముడుచుకునేది మిల్లీమీటరులో నూటికి నాలుగు వంతులు. తల వెంట్రుక మందమంత కూడా కాదు. పూర్తిగా మెత్తబరిచిన ఇత్తడి అయితే నూటికి ఒక వంతు మాత్రమే. పేలిన ఖోఖా తేలిగ్గా బయటికి వస్తోందంటే ఈ వెంట్రుకవాసి ముడుచుకోవడం వల్లే వస్తోంది.

అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ షూటర్లు ఈ ఖాళీ గొట్టాలను ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. కాబట్టి నేను చెప్పేది చేసి చూడమని కాదు, లోహం ఎలా ప్రవర్తిస్తుందో చూడమని. ఉబ్బిన గొట్టాన్ని మళ్లీ వాడాలంటే ముందు పాత కొలతకు తేవాలి. దానికి నూనె రాసి, గట్టి ఉక్కు అచ్చులోకి, అంటే డై లోకి, ప్రెస్సుతో నెడతారు. డై అడ్డకొలత అసలు కావాల్సినదానికన్నా వెంట్రుకవాసి చిన్నదిగా చేస్తారు, ఎందుకంటే బయటికి తీయగానే ఇత్తడి మళ్లీ కాస్త విచ్చుకుంటుంది. గట్టిపడ్డ గొట్టం ఎక్కువ విచ్చుకుంటుంది, మెత్తనిది తక్కువ. అందుకే ఒకే డైలోంచి వచ్చిన కొత్త గొట్టం, పదిసార్లు వాడిన గొట్టం ఒకే కొలతలో ఉండవు. నూనె ఎక్కువైతే అది పోయే చోటు లేక భుజం మీద సొట్ట పెడుతుంది, తక్కువైతే గొట్టం డైలో ఇరుక్కుపోతుంది.

నొక్కిన ఇత్తడి ఎటో ఒకవైపు పోవాలిగా. అది మెడ వైపు సాగుతుంది. కొన్ని విడతలకు గొట్టం పొడవు పెరుగుతుంది, మూతి కత్తిరించాల్సి వస్తుంది. పైకి పోయిన లోహం వచ్చింది కిందినుంచి, అంటే అడుగుకి కాస్త పైన గోడ పల్చబడుతూ ఉంటుంది. అక్కడ లోపలివైపు ఒక గాడి పడితే ఇక ఆ గొట్టం పారేయాల్సిందే. లేదంటే ఏదో ఒక రోజు కాల్చినప్పుడు అడుగు తెగి వేరైపోతుంది.

మెడ సంగతి ఇంకా కష్టం. కాల్చినప్పుడు ఉబ్బుతుంది, డైలో నొక్కుడు పడుతుంది, వెంటనే లోపలినుంచి ఒక ఉక్కు గోళీ దాన్ని మళ్లీ విప్పుతుంది, ఆపైన బుల్లెట్ కూర్చోబెట్టినప్పుడు ఇంకోసారి సాగుతుంది. గొట్టం మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తినేది, అన్నిటికన్నా పల్చనిది మెడే. బిందె కూడా మెడ దగ్గరే చీలబోవడం నాకు వింతగా అనిపించలేదు.

దీనికి విరుగుడు వేడే. చల్లగా ఉండగా బాగా కొట్టిన ఇత్తడిని సుమారు 400 డిగ్రీలు దాటించి కాసేపు ఉంచితే, నలిగిన స్ఫటికాల (పరమాణువులు ఒకే తీరులో పేర్చి ఉన్న చిన్న చిన్న రేణువుల) మధ్య కొత్త స్ఫటికాలు పుట్టి పాతవాటిని తినేస్తూ పెరుగుతాయి. చిక్కులు పోతాయి. ఇక్కడ కంచరికీ కమ్మరికీ ఉన్న తేడా చూడండి. కమ్మరి కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే అది గట్టిపడుతుంది. కంచరి కాలిన ఇత్తడిని నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది, నీళ్లు చల్లార్చడానికే. ఇత్తడిలో ఉక్కులో లాంటి స్ఫటిక మార్పు జరగదు. మరీ ఎక్కువ కాలిస్తే మాత్రం స్ఫటికాలు పెద్దవై, తర్వాత సాగదీసినప్పుడు ఉపరితలం నారింజ తొక్కలా గరుకుగా తేలుతుంది. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, వేడి ఆ దరిదాపులకు వెళితే తెల్లటి పొగై లేచిపోవడం మొదలుపెడుతుంది. మసక ఎరుపు దగ్గర ఆపడం ఆచారి గారి కంటి లెక్క.

తూటా గొట్టంలో ఇంకో మెలిక ఉంది. మెడ మెత్తగా ఉండాలి, అడుగు గట్టిగా ఉండాలి. పీడనాన్ని ఏ ఆసరా లేకుండా మోసేది అడుగే. అది మెత్తబడితే ఉబ్బి చిరిగి, వేడి వాయువు కాల్చేవాడి వైపే వస్తుంది. ఇత్తడి వేడిని బాగా మోస్తుంది కాబట్టి మెడకి చూపించిన మంట కిందికి పాకకముందే, కొన్ని సెకన్లలో, ఆపేయాలి. ఫ్యాక్టరీలో కూడా ఇలాగే చేస్తారు. సైన్యం తూటాల మెడ మీద కనిపించే నీలి, గోధుమ రంగు మరక ఆ మంట గుర్తే.

వాడకుండానే చీలే ఇత్తడి కథ ఇంకొకటి మన దేశంలోనే నడిచింది. బ్రిటిష్ పాలనలో వర్షాకాలం వస్తే కొన్నిచోట్ల తూటాలను గుర్రపు శాలల్లో దాచేవారు. వానలు తగ్గాక తీసి చూస్తే మెడలు చీలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. దీనికి సీజన్ క్రాకింగ్ అని పేరు స్థిరపడింది. 1921లో మూర్, బెకిన్సేల్, మల్లిన్సన్ అనే పరిశోధకులు గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన లాగుడు, ఈ మూడూ కలవాలి. పశువుల కొట్టంలోకి వెళ్లగానే ముక్కుకి తగిలే ఆ ఘాటే అమ్మోనియా. అది రాగిని కొరుక్కుంటూ పోతుంది, ముఖ్యంగా స్ఫటికాల మధ్య సరిహద్దుల వెంట, లోపలి లాగుడు ఆ గాట్లను విప్పుతూ పోతుంది. మెత్తబడేదాకా అక్కర్లేదు, సుమారు 250 డిగ్రీల వేడిలో ఓ గంట ఉంచితే ఆ మిగిలిన లాగుడు చాలావరకు పోతుంది, గట్టిదనం మాత్రం నిలుస్తుంది. అమ్మోనియాకి దూరంగా పొడి చోట దాచడం రెండో జాగ్రత్త.

మా బిందెకి కళాయి కూడా పూయించాం. ఆచారి గారు నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేచి ముక్కు మండింది. నవాసారం వేడికి అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోయి ఇత్తడి మీద మురికి పొరను తీసేస్తుంది. ఆయన పని అవ్వగానే బిందెను రెండుసార్లు కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి గానీ ఇవ్వలేదు.

ఆ త్రీనాట్‌త్రీ ఖోఖా ఆ రోజు కాలుస్తుండగా చీలిందా, పెట్టెలో ఉండగానే చీలిందా అనేది దాని మెడని మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద పెడితే తెలిసేది. చీలిక స్ఫటికాల సరిహద్దుల వెంట మెలికలు తిరుగుతూ కొమ్మలుగా పోయి ఉంటే అది అమ్మోనియా పని. నేను చేసింది గోటితో తడిమి సంచిలో వేయడమే. ఖోఖాలు మాత్రం లెక్కకు సరిపోయాయి.