స్టువర్టుపురానికి ఆ పేరు ఎట్లా పడింది

స్టువర్టుపురం అనగానే ఇప్పటికీ చాలామంది నోట్లోంచి వచ్చే మొదటి మాట దొంగలు. వాళ్ళ రక్తంలోనే ఉందండీ అనేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ ఊళ్ళో ఉండే ఎరుకలోళ్ళ కథ వెనక్కి వెళ్ళి చూస్తే దొంగతనం దగ్గర కాదు, ఉప్పు దగ్గర మొదలవుద్ది.

ఒకప్పుడు వీళ్ళు కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని పిల్లాజెల్లాతో సహా పై ఊళ్ళకి నడిచిపోయేవాళ్ళు, అక్కడ ఉప్పిచ్చి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు, ఆడవాళ్ళేమో బుట్టలల్లి అమ్ముకుంటా, ఇంటింటికీ తిరిగి సోది చెప్పేవాళ్ళు. బండి దారి కూడా లేని ఊళ్ళకి ఉప్పు అట్లాగే అందేది. తర్వాత రైళ్ళొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, అడవి చట్టాలొచ్చి వెదురు తెచ్చుకోవడమూ కష్టమైంది, దాని మీద 1876-78 కరువు. కొంతమంది దొంగతనాలకి దిగారు, కాదనను. కానీ ఆ కొంతమంది చేసిందాన్ని మొత్తం కులానికి అంటగట్టింది మాత్రం బ్రిటిష్ సర్కారే.

వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగే అవుతాడన్న నమ్మకంతో 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. లిస్టులోకి ఎక్కితే వేలిముద్రలివ్వాలి, చెప్పిన టైముకి హాజరు పలకాలి, హద్దులు దాటాలంటే పాస్ కావాలి. మా కులాన్ని ఇందులో ఎందుకు పెట్టారని కోర్టులో అడగడానికి కూడా లేదు! పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసే అధికారం కూడా ఇచ్చారు. నాకు అన్నిటికంటే కడుపు మండేది ఇదే.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ఒక సెటిల్మెంట్, అంటే లిస్టులో ఉన్నవాళ్ళని కాపలాలో ఉంచే ఊరు, అప్పగించారు, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. ఇచ్చిన భూమితో గడవక చాలామంది చీరాల ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పోయారు. అంటే ఉప్పు బేరం చేసుకుంటా ఊళ్ళు తిరిగినోళ్ళని పాస్ లేకుండా కదలనీకుండా ఒకచోట కూలీలుగా కూర్చోబెట్టారు.

1952లో చట్టం రద్దయింది గానీ దాని జాగాలో మళ్ళీ మళ్ళీ నేరాలు చేసేవాళ్ళ మీద నిఘా పెట్టే అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. ఎరుకల వాళ్ళని ఎస్టీల్లో చేర్చారు, 1970ల్లో సంఘ సంస్కర్త లవణం, ఆయన భార్య, కవి జాషువా గారి కూతురు హేమలతా లవణం ఆ కుటుంబాల మధ్య తిరిగి చాలా పనిచేశారు, అయినా దొంగలన్న పేరు పోలేదు. ఊరి పేరు చెప్తేనే మొహం మార్చే చోట పని ఎవరిస్తారు, అద్దెకి ఇల్లెవరిస్తారు?

జైలు మాన్యువల్స్‌లో, అంటే జైళ్ళు నడిపే రూల్స్ పుస్తకాల్లో కూడా ఈ తెగల వాళ్ళని పుట్టుకని బట్టి విడిగా చూసే రూల్స్ అట్లాగే ఉండిపోయాయి. వాటిని సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబర్‌లో, అంటే ఆ చట్టం రద్దయిన 72 ఏళ్ళకి.