కాన్వాయ్‌కి మొదటి హ్యామ్ సెట్: అపోహలు – వాస్తవాలు

నాలుగైదు కార్లలో శ్రీశైలం బయల్దేరే మిత్రబృందాలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "అన్నా, తక్కువలో మంచి వాకీటాకీ ఏది?" మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే చాలాచోట్ల ఫోన్‌లో సిగ్నల్ ఉండదు, ముందు కారు ఎక్కడుందో వెనక కారుకు తెలియదు. కాబట్టి అడగడంలో తప్పులేదు. కానీ నేను చెప్పేది హ్యామ్ సెట్ గురించి, అంటే లైసెన్స్ తీసుకుని వ్యాపారానికి కాకుండా అభిరుచిగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లు (హ్యామ్‌లు) వాడే సెట్. ఫలానా మోడల్ అని చెప్పే ముందు కొన్ని అపోహలు తీర్చాల్సి వస్తుంది.

అపోహ: ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా, ఎవరైనా కొని మాట్లాడొచ్చు.

మాట్లాడకూడదు. మన దేశంలో హ్యామ్‌లకు కేటాయించిన 2 మీటర్ల బ్యాండ్ (రేడియో తరంగాల పరిధి) 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. అందులో మాట్లాడాలంటే కేంద్ర టెలికాం శాఖలోని రేడియో తరంగాల వ్యవహారాలు చూసే డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పాసై లైసెన్స్, కాల్‌సైన్ (రేడియోలో మన గుర్తింపు పేరు) తీసుకోవాలి. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు. తొలి మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ అక్కర్లేదు, కాస్త ఎలక్ట్రానిక్స్, నిబంధనలు చదివితే సరిపోతుంది. మన సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజున ఆ సంస్థ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే హ్యామ్ స్టేషన్ నడుపుతోంది. ఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో వాళ్ల రేడియోల మీదుగానే ఎన్నో క్షేమసమాచారాలు ఒడ్డు చేరాయి. ఈ బ్యాండ్‌ని లైసెన్స్ లేకుండా ఆటబొమ్మలా వాడితే నాకు బాధేస్తుంది.

అనుమతుల వివరాలు చెప్పకుండా వాకీటాకీలు అమ్మడం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలే తెచ్చింది. అంటే సైట్‌లో కనిపించినంత మాత్రాన వాడుకోవడానికి హక్కు వచ్చినట్టు కాదు.

మరి కారులో అందరూ పరీక్ష రాయలేరు కదా అంటారు. నిజమే. అలాంటివాళ్ల కోసం 446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో లైసెన్స్ అక్కర్లేని తక్కువ పవర్ సెట్లు ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి కనపడేంత దూరంలో వెళ్లే కార్లకు అవి చాలు. ఇదే ప్రయాణానికి డబ్బులు తీసుకునే ట్రావెల్స్‌వాళ్లయితే హ్యామ్ వైపు చూడనే కూడదు, వ్యాపారానికి అది నిషిద్ధం.

అపోహ: వాట్లు ఎక్కువైతే దూరం ఎక్కువ.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. 5 వాట్ల హ్యాండీ (చేతిలో పట్టుకునే సెట్) బదులు కారులో బిగించే 50 వాట్ల సెట్ పెడితే సిగ్నల్ పెరిగేది 10 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద ఒక్కో యూనిట్‌కి 6 డెసిబెల్స్ లెక్కన అది నిండా రెండు యూనిట్లు కూడా కాదు. పైగా ఆ సెట్ మాట్లాడేటప్పుడు 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. సిగరెట్ సాకెట్‌ని నమ్ముకోలేం, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి విడిగా వైరు లాగాలి. కాన్వాయ్‌లో మనక్కావలసింది రెండు మూడు కిలోమీటర్లు. దానికి ఇంత హంగామా దేనికి?

అసలు కిటుకంతా యాంటెన్నాలో ఉంది. మొదట్లో నేనూ హ్యాండీని ఒళ్లో పెట్టుకునే మాట్లాడేవాణ్ని. కిలోమీటరు వెనకున్న మిత్రుడి గొంతు సరసరమంటూ తెగితెగి వచ్చేది. ఒకసారి వంగూరు దాటాక కిటికీ దించి సెట్‌ని నిటారుగా బయటికి పట్టుకున్నాను. అంతే, పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత తేటగా వినపడింది. అప్పటిదాకా మాటకి అడ్డుపడింది కొండా కాదు, అడవీ కాదు. మా కారు రేకే.

అందుకే లైసెన్స్ చేతికొచ్చాక మామూలు 5 వాట్ల హ్యాండీ ఒకటి తీసుకుని, మిగిలిన డబ్బు పైకప్పు మీద పెట్టే మ్యాగ్నెట్ యాంటెన్నాకి పెట్టండి. 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం (తరంగం పొడవులో నాలుగోవంతు) అంటే దాదాపు అరమీటరు కడ్డీ. దాన్ని పైకప్పు నడిమధ్యన పెడితే కింద రేకు కూడా యాంటెన్నాలో భాగమై పనిచేస్తుంది. సన్‌రూఫ్ ఉంటే వెనక ఇనుప భాగం మీదికి జరపండి. కేబుల్‌ని తలుపు సందులో నలగనివ్వకుండా డిక్కీ రబ్బరు పక్కగా లోపలికి తీసుకోండి. హ్యాండీకి అతికే కనెక్టర్ మగదా ఆడదా అన్నది కొనేముందే చూసుకోవాలి. ఆ చిన్న అడాప్టర్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి రెండోసారి తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: పెట్టె మీద 30 కిలోమీటర్లని ఉంది, కాబట్టి వస్తుంది.

కొండ మీంచి కొండ మీదికైతే రావచ్చు. వీహెచ్ఎఫ్ తరంగం, అంటే మన 2 మీటర్ల బ్యాండ్ లాంటిది, దాదాపు చూపు వెళ్లే దారిలోనే వెళ్తుంది. చదును నేల మీద కూడా రెండు కార్ల కప్పుల మధ్య లెక్క 10 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, చెట్లూ ఇళ్లూ అందులోంచి ఇంకా కోసేస్తాయి. దోమలపెంట దాటి ఘాట్‌లో దిగుతున్నప్పుడు ముందు కారు ఒక మలుపు తిరిగితే చాలు, మాట మాయమవుతుంది. అలాంటప్పుడు మధ్య కారుకి ఇద్దరూ వినపడుతుంటారు. కాబట్టి నడుమ కారులో ఓపికున్న హ్యామ్‌ని కూర్చోబెట్టి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ అందించమంటాం. మైక్ ఎప్పుడూ పక్క సీటువాళ్ల చేతిలోనే ఉండాలి, డ్రైవర్ చేతిలో కాదు.

అపోహ: రిపీటర్ ఉంటే చాలు, ఎక్కడైనా మాట్లాడొచ్చు.

రిపీటర్ అంటే ఎత్తైన చోట ఉండి మన మాటను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్. ఊళ్లో బాగుంటుంది. అడవిలో దాని పరిధి దాటిపోతారు. సింప్లెక్స్‌లో, అంటే సెట్ నుంచి సెట్‌కి నేరుగా మాట్లాడటం ముందే అలవాటు చేసుకోండి.

బయల్దేరే ముందు తుక్కుగూడ దగ్గర టీకి ఆగినప్పుడే ఒక్కో కారు కాల్‌సైన్ చెప్పి మిగతావాళ్లను పిలవాలి. ఎవరైనా మనకు వినపడుతున్నా మన మాట మాత్రం వాళ్లకు వినపడట్లేదంటే, సెట్ పాడైందని కంగారుపడకుండా వాళ్ల సెట్‌లో రిసీవ్ టోన్ (ఆ టోన్ లేని మాటల్ని వినిపించకుండా ఆపేసే అమరిక) ఆన్‌లో ఉందేమో చూడండి. సాధారణంగా అదే ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి, ఇంకోసారి పిలిచి, బదులు విన్నాకే బండి తీయండి.