క్యాంపస్‌లో సినిమా: అనుమతి తగాదా వెనుక కథ

హైదరాబాద్ విశ్వవిద్యాలయాల్లో ఏదైనా డాక్యుమెంటరీ ప్రదర్శన వివాదంగా మారినప్పుడు, అందులో ఏం చూపించారన్న చర్చ కంటే ముందు అనుమతి తీసుకున్నారా లేదా అన్న ప్రశ్నే వార్తల్లోకి వస్తుంది. నిజానికి ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం వచ్చి ఎంతో కాలం కాలేదు.

1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా తదితరులు మంచి చిత్రాలు తెప్పించుకుని చూసి చర్చించుకునే కలకత్తా ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. 1959లో రాయ్ అధ్యక్షుడిగా ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడింది. 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నెలకొన్న తర్వాత అక్కడి ప్రింట్లు (సినిమా ఫిల్ము ప్రతులు) సొసైటీలకూ విద్యాసంస్థలకూ అందసాగాయి. అప్పట్లో 16 ఎం.ఎం. ప్రింట్ తెప్పించాలంటే సంస్థ పేరిట ఉత్తరం వెళ్లాలి, ప్రొజెక్టరూ దాన్ని నడపగల మనిషీ దొరకాలి, హాలు ఖాళీగా ఉండాలి. సంస్థ చెయ్యి పడనిదే తెర మీద బొమ్మ పడేది కాదు కనుక అనుమతి అనేది ఏర్పాట్లలోనే కలిసిపోయి ఉండేది. 1,600 అడుగుల రీలు సుమారు 44 నిమిషాలు ఆడుతుంది. ఒకే ప్రొజెక్టర్ ఉన్నచోట రెండు గంటల చిత్రానికి కనీసం రెండుసార్లు దీపాలు వెలిగించి రీలు మార్చాల్సి వచ్చేది. చర్చకు అంతకన్నా మంచి విరామం ఏ నిర్వాహకుడూ ఏర్పాటు చేయలేడు.

డీవీడీ, ల్యాప్‌టాప్ వచ్చాక ఈ బరువంతా తగ్గిపోయింది. ఒక తెల్లగుడ్డ, రెండు స్పీకర్లు ఉంటే హాస్టల్ ముందు ఖాళీ జాగా చాలు. ఎంపిక చేసే చొరవ అధ్యాపకుల నుంచి విద్యార్థి సంఘాలకు మారింది, దాంతోపాటే సౌందర్య చర్చ స్థానంలోకి రాజకీయ చర్చ వచ్చింది. ఇది దిగజారుడని కొందరు పెద్దలు అంటారు గానీ, ఆ మాటతో ఏకీభవించడం కష్టం.

2015 ఆగస్టు 1న ఢిల్లీలోని కిరోరీమల్ కళాశాలలో ముజఫర్‌నగర్ మత ఘర్షణలపై తీసిన ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ డాక్యుమెంటరీ ప్రదర్శనను ఏబీవీపీ కార్యకర్తలు అడ్డుకున్నారు. దానికి నిరసనగా గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ)లో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఆందోళన చేసింది. ఆ వెంటనే రెండు సంఘాల మధ్య రేగిన వివాదం ఐదుగురు పరిశోధక విద్యార్థుల సస్పెన్షన్‌కు దారితీసింది. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నారు. ఢిల్లీలో ఆగిన ఒక ప్రదర్శన గచ్చిబౌలి దాకా ఇలా వచ్చింది.

2019 ఆగస్టు 20న అదే క్యాంపస్‌లో అయోధ్య వివాదంపై ఆనంద్ పట్వర్ధన్ తీసిన డాక్యుమెంటరీ ‘రామ్ కే నామ్’ ప్రదర్శనను పోలీసులు నిలిపివేసి విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. సెన్సారు బోర్డు ‘యు’ సర్టిఫికెట్ ఇచ్చిన, జాతీయ పురస్కారం పొందిన, కోర్టు ఆదేశంతో దూరదర్శన్‌లో ప్రసారమైన చిత్రమది. 2023 జనవరిలో ప్రధాని మోదీపై బీబీసీ తీసిన డాక్యుమెంటరీ సంగతి వేరు. దాని లింకులను తొలగించాలని కేంద్రం ఆదేశించిన రోజుల్లోనే ఒక విద్యార్థి బృందం దాన్ని హెచ్‌సీయూలో చూపించింది. జనవరి 26న ఎస్‌ఎఫ్‌ఐ మళ్లీ ప్రదర్శించగా, అదే రోజు ఏబీవీపీ ‘ది కశ్మీర్ ఫైల్స్’ వేసింది. రెండు తెరల ముందూ ప్రేక్షకులు ఉన్నారు. లేనిదల్లా ఇరువైపులవారూ కలిసి కూర్చునే చర్చ.

చట్టం విషయానికొస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విద్యాసంస్థలకు ఒక మినహాయింపు ఇస్తుంది. సంస్థ కార్యకలాపాల్లో భాగంగా జరిగి, ప్రేక్షకులు సిబ్బందికీ విద్యార్థులకూ వారి తల్లిదండ్రులకూ సంస్థతో సంబంధం ఉన్నవారికీ పరిమితమైతే ఆ ప్రదర్శన హక్కుల ఉల్లంఘన కాదు. అయితే విద్యార్థి సంఘం సొంతంగా వేసిన బొమ్మ సంస్థ కార్యకలాపం అవుతుందా అన్నచోట చిక్కు ఉంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం బహిరంగ ప్రదర్శనకు సర్టిఫికెట్ అడుగుతుంది. క్యాంపస్ లోపలి సమావేశం ఆ నిర్వచనంలోకి వస్తుందా అన్నది మరో వాదన. పాలకవర్గాలు ఈ రెండింటి జోలికీ పెద్దగా పోకుండా శాంతిభద్రతల మాట ఎత్తుతాయి. సర్టిఫికెట్ ఉన్న చిత్రాన్నీ లేని చిత్రాన్నీ ఒకే నోటీసుతో ఆపేయడానికి ఆ మాట వీలిస్తుంది.