సముద్రపు అడుగు ధూళిలో వాన లెక్క

"పోయిన ఏడాది మా మండలంలో ఎంత వాన పడిందో రెండు పేపర్లు రెండు రకాలుగా రాస్తాయి. లక్ష ఏళ్ల కిందటి వాన సంగతి మీకెలా తెలుస్తుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు సముద్రపు అడుగు మట్టిలో ఉంది.

ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వీచే వాణిజ్య పవనాలు భూమధ్యరేఖ దగ్గర్లో కలుస్తాయి. అక్కడ గాలి పైకి లేచి వాన పడుతుంది. భూమి చుట్టూ ఉండే ఈ వాన పట్టీనే ఐటీసీజడ్ అంటారు. మన నైరుతి రుతుపవనాలకూ దీని కదలికతో సంబంధం ఉంది. మధ్య పసిఫిక్‌లో ఇది భూమధ్యరేఖకు కాస్త ఉత్తరాన ఉంటుంది. ఆసియా ఎడారుల ధూళి గాలిలో అంతదూరం వస్తుంది, కానీ పట్టీ దగ్గర వాన దాన్ని కడిగి సముద్రంలో కలిపేస్తుంది. అందుకే పట్టీ దాటి దక్షిణానికి వెళ్లేకొద్దీ అడుగు మట్టిలో ధూళి తగ్గిపోతుంది. ఎక్కడ తగ్గుతుందో చూస్తే పట్టీ జాడ దొరుకుతుంది.

చిక్కు కొలవడంలో ఉంది. మట్టిలో ధూళి శాతం పెరిగిందంటే ధూళి ఎక్కువ పడిందా, లేక ధూళితోపాటు అడుగుకు చేరే సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు తక్కువ పడ్డాయా? పైగా అడుగు ప్రవాహాలు మట్టిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి నెడతాయి. దీన్ని విడదీసే ఉపాయం థోరియం-230 అనే రేడియోధార్మిక పదార్థం. భూశాస్త్రంలో నాకు ఇంతకంటే ముచ్చటైనది ఇంకొకటి లేదు.

కళ్లంలో వడ్లు కుప్ప పోస్తున్నారనుకోండి. ఎవరో గంటకో చింతగింజ అందులో వేస్తున్నారు. దోసెడు వడ్లలో చింతగింజలు తక్కువుంటే ఆ గంటల్లో కుప్ప జోరుగా పెరిగిందని, ఎక్కువుంటే నెమ్మదిగా పెరిగిందని అర్థం. పక్క కుప్పలోంచి ఎవరైనా వడ్లు ఇటు తోసినా వాటితోపాటు వాటిలోని చింతగింజలూ వస్తాయి కాబట్టి లెక్క చెడదు. ఇక వడ్లలో మట్టిబెడ్డలు ఎంత వేగంగా పడ్డాయో కావాలా? ఒక్కో చింతగింజకు ఎన్ని బెడ్డలున్నాయో చూస్తే చాలు, కుప్ప ఎంత పెరిగిందో తెలియనక్కర్లేదు.

ఆ చింతగింజే థోరియం-230. సముద్రపు నీటిలో యురేనియం కరిగి, అంతటా దాదాపు ఒకే పాళ్లలో ఉంటుంది. అది క్షయమై థోరియం-230 పుడుతుంది. థోరియం నీటిలో నిలవదు, రేణువులకు అంటుకుని కొన్ని దశాబ్దాల్లోనే అడుగుకు చేరుతుంది. కాబట్టి ఒకచోట ఎంత పడుతుందన్నది అక్కడి నీటి లోతును బట్టే ఉంటుంది. దీని అర్ధాయుష్షు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 75,600 ఏళ్లు, అందువల్ల మట్టి వయసును బట్టి తరిగిన భాగాన్ని కలుపుకోవాలి. మట్టిబెడ్డ థోరియంలోనే ఇంకో రకమైన థోరియం-232. ఇది ఖండాల రాళ్లలో ఉంటుంది, సముద్రజీవుల గుల్లల్లో దాదాపు ఉండదు. ఈ రెండింటి నిష్పత్తి, నీటి లోతు తెలిస్తే ధూళి పడిన వేగం వస్తుంది. ఉగాది పంచాంగంలో వానకు చెప్పే పాళ్లను సరిచూసే దారి లేదు. ఈ లెక్కనైతే అదే మట్టి తీసుకుని ఏ ల్యాబ్‌లోనైనా మళ్లీ కొలవొచ్చు.

2016లో శాస్త్రవేత్త ఆలిసన్ జాకొబెల్ బృందం మధ్య పసిఫిక్‌లో మూడు చోట్ల మట్టిని ఇలా పరిశీలించి, 1,50,000 నుంచి 1,10,000 ఏళ్ల కిందటి కాలాన్ని చూసింది. ఒక్క చోటే చూస్తే ఆసియాలో ధూళి పెరిగిందో, పట్టీ జరిగిందో తేలదు. మూడు చోట్ల మధ్య తేడా చూస్తేనే తేలుతుంది. సుమారు 1,36,000 నుంచి 1,29,000 ఏళ్ల కిందట ఈ రెండూ జరిగాయి. ఉత్తరార్ధగోళంలో ధూళి పెరిగింది, 160 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర పట్టీ కనీసం 4 డిగ్రీలు, అంటే 440 కిలోమీటర్లకు పైగా, దక్షిణానికి జరిగింది. అప్పట్లో ఉత్తర అట్లాంటిక్‌లోకి మంచు కరిగిన నీరు చేరి ఆ అర్ధగోళం చల్లబడింది. వాన పట్టీ ఎప్పుడూ వెచ్చని అర్ధగోళం వైపే మొగ్గుతుంది.

ఈ 4 డిగ్రీలను భూమంతటికీ వర్తింపజేయకూడదు. గత మంచుయుగం, ఆ తర్వాతి మార్పుల మీద డేవిడ్ మెక్‌గీ బృందం 2014లో వేసిన అంచనాలో భూగోళపు సగటు జరుగుడు 1 డిగ్రీ లోపే ఉంది. పసిఫిక్‌లో పట్టీ అంత జరిగినా వేరే సముద్రాల మీద తక్కువ జరిగి ఉండొచ్చు. అది తేలాలంటే ఇంకా చాలా రేఖాంశాల దగ్గర మట్టి తవ్వి, ఒక్కో చింతగింజకు ఎన్ని బెడ్డలో లెక్కపెట్టాలి.