ఎం-స్ట్రాసె గొడవ 1991లోనే మొదలైంది

బెర్లిన్ నడిబొడ్డున ఒక చిన్న వీధికి పేరు మార్చడానికి అయిదేళ్లు పట్టింది. 2020 ఆగస్టులో మిట్టె డిస్ట్రిక్ట్ కౌన్సిల్ తీర్మానం చేసింది. వెయ్యికి పైగా అభ్యంతరాలు వచ్చాయి, కేసులు నడిచాయి. 2025 ఆగస్టు 23న పలకలు మార్చే వేడుకకు అన్నీ సిద్ధం చేసుకున్నాక ఒక కోర్టు ఆపమంది. వెంటనే పైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అలా మోరెన్‌స్ట్రాసె కాస్తా, 18వ శతాబ్దపు ఆఫ్రికన్ తత్వవేత్త పేరుతో ఆంటోన్ విల్‌హెల్మ్ ఆమో స్ట్రాసె అయింది. స్ట్రాసె అంటే వీధి. వీధి మాట ఎత్తితే చాలు, ‘మూడు వందల ఏళ్ల పేరును చెరిపేస్తారా?’ అన్న ప్రశ్న మళ్లీ ముందుకొస్తోంది.

‘మోర్’ అంటే నల్లవాళ్లను పిలవడానికి జర్మన్‌లో పూర్వం వాడిన మాట. దాన్ని విని, పడి, పెరిగినవాళ్లకు అది తిట్టే. అందుకే బెర్లిన్‌లో ఆఫ్రికన్ల అడుగుజాడలు చూపించే నడక యాత్రల్లో చాలామంది గైడ్లు ఆ పేరు పలకరు, ఎం-స్ట్రాసె అంటారు. ఆఫ్రికాను యూరప్ దేశాలు పంచుకున్న 1884-85 సదస్సు జరిగిన చోటు అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో, విల్‌హెల్మ్‌స్ట్రాసెలో ఉంది. ఆ సదస్సు సంగతి తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది మెట్రో స్టేషన్.

వీధి పేరు 18వ శతాబ్దం మొదట్లోది, నిజమే. కానీ ఆ వీధిలో అడుగుపెట్టని లక్షలమంది నగరవాసుల నోట్లో ఆ పేరు నానింది స్టేషన్ వల్ల. 1908లో తెరిచినప్పుడు ఆ స్టేషన్ పేరు కైజర్‌హోఫ్, పక్కనున్న హోటల్ పేరు. 1950లో తూర్పు జర్మనీ ప్రభుత్వం దాన్ని థేల్మన్‌ప్లాట్స్ చేసింది. 1986లో ఒట్టో గ్రోటెవోల్ స్ట్రాసె అయింది. రెండూ కమ్యూనిస్టు నాయకుల పేర్లే. మోరెన్‌స్ట్రాసె అన్న బోర్డు దాని మీదకెక్కింది 1991లో. జర్మనీ ఏకమై అప్పటికి ఒక్క ఏడాది.

అది పేర్లు మారిపోతున్న కాలం. తూర్పు బెర్లిన్‌లో కమ్యూనిస్టు నాయకుల పేర్లు ఒక్కొక్కటే దించేస్తున్నారు. ‘చరిత్రను చెరుపుతున్నారు’ అన్న మాట అప్పుడూ వినిపించింది, కానీ నిలవలేదు. నచ్చని పేరు తీసేయవచ్చని ఆ రోజు నగరమే ఒప్పుకుంది. తీసేసినచోట ఏం పెడుతున్నాం, అది చదివి ఎవరి మనసు చివుక్కుమంటుంది అన్నది మాత్రం ఆలోచించలేదు.

ఆ రోజుల్లో నల్లవాళ్ల పరిస్థితి ఏమిటో గుర్తుచేసుకోవాలి. 1990 నవంబరులో బెర్లిన్‌కు దగ్గర్లోని ఎబెర్స్‌వాల్డ్ అనే ఊళ్లో అంగోలా నుంచి పనికొచ్చిన ఆమడెయు ఆంటోనియోను ఒక గుంపు చావబాదింది. డిసెంబరు 6న ఆయన చనిపోయారు. వయసు 28. తూర్పు జర్మనీ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసిన మొజాంబిక్, అంగోలా కార్మికుల్లో ఎక్కువమందిని ఆ ఒకటి రెండేళ్లలోనే వెనక్కి పంపేశారు. తమ జీతంలో కోసి దాచిన డబ్బు ఇమ్మని మొజాంబిక్ కార్మికులు ఆ తర్వాత దశాబ్దాల పాటు తమ రాజధాని మపూటో వీధుల్లో ఊరేగింపులు తీశారు. ఒకపక్క మనుషుల్ని పంపేస్తూ, ఇంకోపక్క వాళ్లను పిలిచే పాత మాటను స్టేషన్‌కు తగిలించారు. కావాలని చేశారని నేను అనను. ఎవరికీ తట్టకపోవడమే నాకు ఎక్కువ బాధ.

అదే మెట్రోకు ఇంకో జ్ఞాపకం ఉంది. 1896లో బెర్లిన్‌లోని ట్రెప్టో పార్కులో వలస రాజ్యాల ప్రదర్శన పెట్టి, ఆఫ్రికా నుంచీ పసిఫిక్ దీవుల నుంచీ తెచ్చిన వందమందికి పైగా మనుషుల్ని జనానికి చూపించారు. అలా కామెరూన్ నుంచి వచ్చిన మార్టిన్ డిబోబె ఇక్కడే ఉండిపోయి బెర్లిన్ మెట్రోలో రైలు డ్రైవర్ అయ్యారు. 1919లో మరో 17 మందితో కలిసి, వలస రాజ్యాల్లోని ఆఫ్రికన్లకు సమాన హక్కులు ఇమ్మని జర్మన్ జాతీయ సభకు 32 అంశాల వినతిపత్రం పంపారు. హాలెషెస్ టోర్ స్టేషన్‌లో డ్రైవర్ యూనిఫాంలో ఉన్న ఆయన ఫోటో ఉంది. నడక యాత్రకు వెళ్లేవాళ్లు అది చూడకుండా రాకూడదు.

స్టేషన్ పేరు మీద కోపం తర్వాత వీధికి పాకింది. ఎవరెవరో రాత్రిపూట బోర్డు మీది ‘ఓ’ అక్షరం నెత్తిన రెండు చుక్కలు పెట్టేవారు. చుక్కలు పెడితే అది క్యారట్ల వీధి అవుతుంది. 2014 నుంచి ఏటా ఆగస్టు 23న, బానిస వ్యాపారాన్ని గుర్తుచేసుకునే అంతర్జాతీయ దినాన, అక్కడే పేరుమార్పు పండుగ చేశారు. 2025లో పలకలు మార్చడానికి ఆ తేదీనే ఎంచుకోవడానికి కారణం అదే. 2020 జులైలో మెట్రో సంస్థ స్టేషన్‌ను గ్లింకా పేరుకు మారుస్తామని హడావుడిగా ప్రకటించింది. ఆ రష్యన్ సంగీతకారుడికి యూదుల మీద ద్వేషం ఉండేదన్న విమర్శ రాగానే వెనక్కి తగ్గింది.

మార్పు వద్దన్నవాళ్లలో పేరున్న చరిత్రకారుడు గెట్స్ అలీ ఉన్నారు. ఆ పేరు పెట్టింది కించపరచడానికి కాదని వాళ్ల వాదన. 17వ శతాబ్దంలో గినియా తీరం నుంచి బ్రాండెన్‌బర్గ్ పాలకుడి దగ్గరకు వచ్చిన ప్రతినిధులకు గుర్తుగా పెట్టారంటారు. రాజుగారి కొలువులో వాయిద్యాలు వాయించడానికి తెచ్చిన ఆఫ్రికన్ కుర్రాళ్లను అక్కడ ఉంచేవారని అవతలివాళ్లు చెబుతారు. మొదటిదే నిజమనుకున్నా, ఆ ప్రతినిధులు వచ్చిన తీరంలోనే బ్రాండెన్‌బర్గ్ వాళ్లు 1683లో గ్రోస్ ఫ్రీడ్రిష్‌బుర్గ్ కోట కట్టి వేలమందిని బానిసలుగా అమ్మారు.

ఆమో పుట్టింది ఆ కోటకు దగ్గర్లోని ఆక్సిమ్ ప్రాంతంలో, 1703 ఆ ప్రాంతంలో. ఇప్పుడది ఘనా. చిన్నప్పుడే డచ్చి కంపెనీ ఆయన్ని యూరప్‌కు తెచ్చింది, ఒక జర్మన్ డ్యూక్‌కు కానుకగా ఇచ్చారు. ఆ పిల్లవాడే హాలె విశ్వవిద్యాలయంలో చదివి, తత్వశాస్త్రం బోధించి, 1740ల చివర్లో సొంత గడ్డకు వెళ్లిపోయాడు. కోట కట్టించిన గ్రోబెన్ పేరు బెర్లిన్‌లోనే క్రాయిత్స్‌బర్గ్ అనే పేటలోని నది ఒడ్డు వీధికి ఉండేది. 2010లో దాన్ని తీసి, తండ్రి ఘనా వాడైన జర్మన్ కవయిత్రి మై ఆయిమ్ పేరు పెట్టారు.

1729లో హాలెలో ఆమో చేసిన మొదటి వాదం పేరు ‘యూరప్‌లో మోర్ల హక్కు గురించి’. ఆ మాటను ఆయన వాడింది, తనలాంటివాళ్లను బానిసలుగా ఉంచడం చట్టబద్ధమేనా అని అడగడానికి. ఆ వాదం ప్రతి ఇప్పటిదాకా దొరకలేదు.