స్కూలు పక్కన ఇల్లు కొంటే సీటు వచ్చేస్తుందా?

ఒడిశాలోని బరంపురంలో హౌసింగ్ లోన్ ఫైళ్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు చూసిపెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే. కొందరు మూడు తరాలుగా బడాబజార్, బిజీపూర్ వైపు ఉన్నవాళ్లు. కొందరు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు. అడ్మిషన్ల సీజన్ మొదలైందంటే అందరి నోటా ఒకటే మాట: "ఫలానా స్కూలు దగ్గర ఇల్లు చూడండి సార్. రేటు కొంచెం ఎక్కువైనా పరవాలేదు, పాపకి సీటు వస్తే చాలు." ఈ ఒక్క మాట వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు వడ్డీ రేట్ల వల్ల కూడా పోగొట్టుకోలేదు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి ఆ తర్వాత.

అపోహ: మంచి స్కూలుకి దగ్గర్లో సొంత ఇల్లుంటే సీటు గ్యారంటీ.

వాస్తవం: బరంపురంలోనే కాదు, ఛత్రపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో కూడా ఇంటి అడ్రస్ చూసి ఫీజు కట్టే పిల్లలకి సీటు ఇచ్చి తీరాలన్న నియమం ఏ ప్రైవేటు స్కూలుకీ లేదు. ఈ భ్రమ ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అమెరికాలో ఉన్న బావగారో, పెదనాన్న కొడుకో ఫోన్ చేసి "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసి ఇల్లు కొనుక్కో" అంటారు. అక్కడ అది నిజమే. ప్రభుత్వ బడికి హద్దులు గీసి ఉంటాయి, ఆ హద్దులో ఉన్న ఇంటి పిల్లలు ఆ బడికే వెళతారు. ఆ మాటను ఇక్కడి బ్రోకర్లు పట్టుకుని, స్కూలు గేటు కనిపించే ప్రతి ప్లాటుకీ నాలుగైదు లక్షలు కలిపి చెబుతున్నారు.

రెండో కారణం విద్యాహక్కు చట్టం గురించి సగం తెలిసి ఉండటం. 2009లో వచ్చిన ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు స్కూళ్లు మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. ఆ సీట్లకి మాత్రం ఇల్లు ఎంత దూరంలో ఉందన్నది చూస్తారు. ఒడిశాలో దరఖాస్తు పారదర్శి పోర్టల్‌లో పెట్టాలి. అంటే దూరం పనికొచ్చేది పేద కుటుంబాలకి, అదీ ఆ కోటాలోనే. నలభై లక్షల ఇల్లు కొనే మనిషి ఆ కోటాలోకి ఎలా వస్తాడు చెప్పండి?

మెడికల్ షాపు నడుపుకునే ఒకాయన, భార్యతో కలిసి నా దగ్గరికి వచ్చారు. అప్పటికే ఒక పేరున్న స్కూలు వెనక వీధిలో ఇంటికి రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నారు. ఇల్లు చిన్నది, మేడ మీద నీళ్లు ఎక్కవు, పైగా ప్లాను అప్రూవల్ కాగితమే లేదు. "ఇవన్నీ చూసుకోలేదా?" అంటే ఆవిడ, "బాబూ, పిల్లాడు నడిచి వెళ్లిపోతాడని..." అని ఆగిపోయారు. స్కూలుకి వెళ్లి అడిగితే ఎల్‌కేజీ సీట్లు నిండిపోయాయన్నారు. ఇల్లు ఎక్కడని వాళ్లు అడగనైనా అడగలేదట. ఆయన మీద నాకు కోపం రాలేదు, జాలేసింది. పిల్లాడి చదువు దగ్గరికి వచ్చేసరికి లెక్కలు బాగా తెలిసినవాళ్లు కూడా తొందరపడతారు. కోపం వచ్చింది ఆ బ్రోకర్ మీద. "స్కూలు ప్రిన్సిపాల్ మనవాడే" అని చెప్పి మరీ అడ్వాన్సు ఇప్పించాడు.

కేంద్రీయ విద్యాలయ సంగతి కూడా అంతే. విద్యాహక్కు కోటా సీట్లు పోను, మిగతావి తల్లిదండ్రుల ఉద్యోగాన్ని బట్టి ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ముందు, తర్వాత కేంద్ర సంస్థలవాళ్లు, ఆపైన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ఆఖరున మిగతా అందరూ. ఒకే వరుసలో ఉన్నవాళ్ల మధ్య గత ఏడేళ్లలో ఎన్ని బదిలీలయ్యాయో చూస్తారు. గోడ పక్కనే ఇల్లున్న కిరాణా వ్యాపారి కంటే, నిన్న బదిలీ మీద వచ్చి అద్దెకి దిగిన రైల్వే ఉద్యోగి ముందుంటాడు.

నవోదయ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. ఆ కోటా కావాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలోనే చదివి ఉండాలి. మంచి బడి కోసమని మూడో తరగతిలో పిల్లని ఊరి నుంచి తెచ్చి బరంపురం కార్పొరేషన్ పరిధిలోని స్కూల్లో వేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక 2016లో మొదలైన ఒడిశా ఆదర్శ విద్యాలయాలు బ్లాకుకి ఒకటి చొప్పున ఉన్నాయి. అక్కడ కూడా ఆరో తరగతికి పరీక్ష రాయాల్సిందే.

ఇప్పుడు డబ్బు లెక్క. స్కూలు దగ్గర అన్న ఒక్క కారణానికి పది లక్షలు ఎక్కువ పెట్టారనుకుందాం. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్లకి ఆ పది లక్షల మీదే నెలకి దాదాపు 8,680 రూపాయల ఈఎంఐ పడుతుంది. మొత్తం కట్టేది 20 లక్షలు దాటుతుంది. దాని మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడు శాతం, అంటే ఇంకో 70 వేలు. అదే స్కూలుకి నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటే అయ్యేదల్లా వ్యాన్ ఖర్చు. నెలకి ఎనిమిది వేలు అడిగే స్కూల్ వ్యాన్ మన ఊళ్లో ఎవరైనా చూశారా?

ఇంకో సంగతి ఎవరూ ఆలోచించరు. పిల్ల ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఆ స్కూల్లో ఉన్నా పన్నెండేళ్లే. తర్వాత ఇంటర్‌కి విశాఖో, విజయవాడో, భువనేశ్వరో పంపేస్తారు, మన ఇళ్లల్లో జరిగేది అదే కదా. లోన్ మాత్రం ఇంకా ఎనిమిదేళ్లు నడుస్తుంది. అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటే: ముందు సీటు తెచ్చుకోండి. ఒకటి రెండేళ్లు ఆ చుట్టుపక్కల అద్దెకి ఉండండి. పిల్లకి ఆ బడి పడిందని తెలిశాక కొనండి. అద్దె దండగ అని పెద్దవాళ్లు అంటారు. నచ్చని బడి పక్కన కట్టే ఈఎంఐ కంటే పెద్ద దండగ లేదు.

అపోహ: బోర్డు మీద సీబీఎస్‌ఈ అని ఉంటే అది సీబీఎస్‌ఈ స్కూలే.

వాస్తవం: "సీబీఎస్‌ఈ సిలబస్", "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని రాసుకోవడం వేరు, అఫిలియేషన్, అంటే బోర్డు గుర్తింపు ఉండటం వేరు. శివార్లలో కొత్తగా వచ్చే స్కూళ్లు కొన్ని ఎనిమిది దాకా నడిపి, తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ వచ్చేసరికి పిల్లల పేర్లు వేరే స్కూల్లో రాయిస్తాయి. ఆ సంగతి తల్లిదండ్రులకి తెలిసేసరికి చుట్టూ ఇళ్లు కొనేసి ఉంటారు. అఫిలియేషన్ నంబర్ అడగండి, సీబీఎస్‌ఈ సారస్ పోర్టల్‌లో కొట్టి చూడండి. ఫీజులు, టీచర్ల వివరాలు, ఫలితాలు సొంత వెబ్‌సైట్‌లో పెట్టడం అఫిలియేటెడ్ స్కూళ్లకి తప్పనిసరి. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ఆఫీసు రూములో అడగండి. స్కూళ్ల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో ఏ స్కూలైనా సరే, ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు అన్నది కనిపిస్తుంది. నూరు శాతం ఫలితాల ఫ్లెక్సీని నేను పట్టించుకోను. పదో తరగతిలో ఎంతమంది పరీక్ష రాశారు, తొమ్మిదిలో ఎంతమందిని పంపేశారు అన్నది ఫ్లెక్సీ మీద ఉండదు.

సర్కారీ బడి అంటే ముఖం చిట్లించేవాళ్లకి ఒక మాట. రాష్ట్ర ప్రభుత్వం ఫైవ్-టీ కార్యక్రమం కింద బాగుచేసిన హైస్కూళ్లలో ఒకదానికి వెళ్లి కళ్లతో చూసి రండి, తర్వాత మాట్లాడదాం.

అపోహ: పిల్లల్ని ఇక్కడ చదివించుకుని, ఇంజనీరింగ్‌కి ఆంధ్రాలో చేర్చేస్తే సరి.

వాస్తవం: సరిహద్దు మనుషులం కాబట్టి ఇది మనకి మాత్రమే ఉండే తలనొప్పి. ఇల్లు ఏ రాష్ట్రంలో కొంటున్నామన్నది ఇక్కడే తేలాలి. ఇచ్ఛాపురం బరంపురానికి పాతిక కిలోమీటర్ల దూరం, బస్సెక్కితే దిగిపోతాం. కానీ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఆంధ్రా కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ పిల్లలవి. లోకల్ అనిపించుకోవాలంటే ఇంటర్ పూర్తయ్యేనాటికి వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా, అక్కడే చదివి ఉండాలి. బరంపురంలో ప్లస్ టూ చేసిన పిల్లాడు ఎంత చక్కటి తెలుగు మాట్లాడినా, వాడి తాత ఇచ్ఛాపురం మున్సిపాలిటీలో పనిచేసినా, నాన్ లోకల్ కిందికే వస్తాడు. మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు. దానికీ షరతులున్నాయి: తల్లిగానీ తండ్రిగానీ ఆంధ్రాలో మొత్తం పదేళ్లు నివసించినట్టు చూపిస్తే దారి దొరుకుతుంది. కాబట్టి అమ్మ చదువుకున్న స్టడీ సర్టిఫికెట్లు, పాత రేషన్ కార్డు అటక మీద నుంచి దింపి జాగ్రత్త చేయండి.

అటు కూడా ఇదే తంతు. ఇచ్ఛాపురంలో ఇల్లు కొని, పిల్లల్ని అక్కడ చదివించి, ఒడిశా రాష్ట్ర కోటా అడిగితే ఇక్కడి రెసిడెంట్ సర్టిఫికెట్ కావాలి. అందుకే ఎనిమిదో తరగతి లోపు పిల్లలున్న దంపతులు వస్తే నేను ముందు బడ్జెట్ అడగను. "పిల్లల్ని పదో తరగతి తర్వాత ఎటు పంపుతారు?" అంటాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇంటికి వెళ్లి మాట్లాడుకుని రండి అని పంపేస్తాను.

తెలుగు మీడియం గురించి అడిగేవాళ్లు తగ్గిపోయారు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు బడులు ఉన్నాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అన్నది రాజ్యాంగం 350-ఎ అధికరణంలోనే ఉంది. ఎవరైనా అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ బడి పేరు విని సరిపెట్టుకోకండి. తెలుగు చెప్పే మాస్టారు ఇప్పుడు ఉన్నారా, రిటైరైపోయారా అన్నది కనుక్కోండి.

అపోహ: శివార్లలో చవగ్గా దొరికింది, పట్టా ఉంది, ఇంకేం కావాలి?

వాస్తవం: పట్టాలో కిసాం, అంటే భూమి రకం, చూడండి. ఘరబారి అని ఉందా, సారద అని ఉందా? ఘరబారి అంటే ఇంటి స్థలం, సారద అంటే వరి పొలం. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద ఇంటి స్థలంగా కన్వర్షన్ చేయించకుండా దాని మీద బ్యాంకు హౌసింగ్ లోన్ ఇవ్వదు. అమ్మేవాడు "తహసీల్లో అప్లై చేశాం, వారంలో అయిపోద్ది" అంటాడు. అయ్యాకే అడ్వాన్సు ఇవ్వండి. అమ్మేవాళ్లు ఎస్సీ, ఎస్టీ అయితే 22వ సెక్షన్ కింద అనుమతి లేని రిజిస్ట్రేషన్ చెల్లదు. రాయగడ, కొరాపుట్ మొత్తం షెడ్యూల్డ్ ఏరియా. అక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఉంది, ఆదివాసీ భూమి మనకి రాదు. వేరే పేరు మీద కొని మనం ఉందామని కొందరు వస్తారు. వాళ్లకి టీ ఇచ్చి పంపడం తప్ప నేను చేసేదేమీ లేదు.

ఒడిశా భూరికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో ఖాతా నంబర్ కొట్టి చూడటం ఫోన్లోనే అయిపోతుంది. ఆ తర్వాత ఈసీ, అంటే ఆస్తి మీద అప్పులు, అమ్మకాలు చూపించే కాగితం, తీయించండి. అపార్ట్‌మెంట్ అయితే, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉండాలి. ఇంకోటి, వీధిని వానలో చూడండి. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ వచ్చినప్పుడు ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో పక్కింటి పెద్దవాళ్లని అడిగితే బ్రోకర్ చెప్పని కబుర్లన్నీ బయటికొస్తాయి.

మిగిలినవి చకచకా.

"బ్యాంకు ఇంటి ధరంతా ఇస్తుంది." ఇవ్వదు. 30 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా, అది దాటితే 75 లక్షల దాకా 80 శాతమే. రిజిస్ట్రేషన్ ఖర్చు మీ జేబులోంచే. నలభై లక్షల ఇల్లయితే పదకొండు లక్షలు చేతిలో ఉండాలి.

"ప్రైవేటు స్కూలు డొనేషన్ అడగడం మామూలే." మామూలే కావచ్చు, విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ కింద క్యాపిటేషన్ ఫీజు నేరం. రసీదు ఇవ్వమనండి చాలు, మాట మారుతుంది.

"స్కూలు పక్కన ఇల్లు ఎప్పుడమ్మినా లాభమే." పొద్దున ఎనిమిదింటికి ఆ సందులోకి వెళ్లి బండి తిప్పి చూడండి.

"ఆడవాళ్ల పేరు మీద రాయిస్తే లోన్ రాదు." ఈ మాట ఎవరు పుట్టించారో గానీ శుద్ధ అబద్ధం. ఒడిశాలో మగవాళ్లకి స్టాంపు డ్యూటీ 5 శాతం, ఆడవాళ్లకి 4 శాతం. నలభై లక్షల ఇంటికి నలభై వేలు మిగులుతాయి. లోన్‌లో ఆవిడని కో-అప్లికెంట్‌గా పెడతాం, అంతే. మొన్న ఒకాయన, "మా ఆవిడ పేరు మీద వద్దులెండి, మా అమ్మ పేరు మీద అయితే తగ్గుతుందా?" అన్నాడు. తగ్గుతుంది. ఆ ఫైలు మీద సంతకాలకి ఇద్దరూ కలిసి వస్తారో లేదో చూడాలి.