మసి పట్టని పొయ్యి

1995 జనవరిలో పాసర్లపూడి దగ్గర గ్యాసు బావి బద్దలైనప్పుడు నేను మూడో తరగతి. కోనసీమలో ముసలాళ్లు కూడా దాన్ని ఇప్పటికీ ‘బ్లోఅవుట్’ అనే అంటారు. 65 రోజులు మండింది. మా ఊరు అక్కడికి దూరమే. అయినా అమావాస్య రాత్రి డాబా ఎక్కితే పిట్టగోడ మీద కొబ్బరిమట్టల నీడలు కదిలేవి. గాలి అటునుంచి తిరిగితే ఒకటే హోరు. “లోపలున్నదంతా అయిపోయేదాకా ఆరదురా అది” అనేవాడు నాన్న. అయిపోకుండానే మార్చిలో ఆర్పేశారు.

అలా మండిన సరుకులో ఎక్కువ భాగం మీథేన్. ఇవాళ కొత్తగా కడుతున్న పెద్ద రాకెట్లలో చాలావాటికి పోస్తున్న ఇంధనం కూడా మీథేనే. దాంతో మొదట కక్ష్యకు చేరింది 2023 జులైలో చైనావాళ్ల జూచే-2. తర్వాత అమెరికాలో వల్కన్ లేచింది, 2024 జనవరి 8న. మా బ్లోఅవుట్ మొదలైందీ జనవరి 8నే. కాకతాళీయమే, కానీ ఆ వార్త చదువుతుంటే చెవుల్లో పాత హోరు తిరిగింది.

ఇంతకీ మీథేనే ఎందుకు? ఎక్కువ బలంగా మండుతుందనుకుంటారు చాలామంది. అది కాదు. బలం కావాలంటే ద్రవ హైడ్రోజన్ ఉంది, కిలోకి కిలో చూస్తే దాన్ని కొట్టింది లేదు. అసలు సంగతి మా అమ్మ వంటింట్లో ఉంది.

అప్పట్లో మాది కిరసనాయిలు స్టవ్వు. గిన్నె పొయ్యెక్కించే ముందు అమ్మ దాని అడుగున తడిమట్టీ బూడిదా కలిపి పామేది, తోమేటప్పుడు మసి దాంతోపాటే ఊడొస్తుందని. పెదనాన్నగారింట్లో గోబర్ గ్యాసు. వాళ్ల గిన్నెల అడుగులు అద్దాల్లా ఉండేవి. గోబర్ గ్యాసులో మండేది మీథేన్. దాని అణువులో ఒకే ఒక్క కార్బన్, నాలుగు హైడ్రోజన్లు. కిరసనాయిలులో ఒక్కో అణువుకీ పది పన్నెండు కార్బన్లు గొలుసుల్లా ఉంటాయి. సరిగ్గా కాలని గొలుసు ముక్కలే మసి. (ఇళ్లకొచ్చే సిలిండర్లో ఉండేది మీథేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్.)

బాగా శుద్ధి చేసిన కిరసనాయిలే దశాబ్దాలుగా రాకెట్లనూ నడిపిస్తోంది. ఇంజిన్లో మంట 3,000 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ఇంజిన్ గోడ కరిగిపోకుండా గోడలోపల సన్నటి కాలవలు తవ్వి, ఇంధనాన్ని ముందు అందులోంచి పారించి, ఆ తర్వాతే మంటలోకి వదులుతారు. గోడ చల్లబడుతుంది, ఇంధనం వేడెక్కుతుంది. కిరసనాయిలు మరీ వేడెక్కితే ఆ కాలవల్లోనే పాలు అడుగంటినట్టు అడుగంటుతుంది. చెత్త పట్టిన పంటకాలవలో నీళ్లు సాగనట్టే, అక్కడ ఇంధనం పారడం తగ్గితే గోడ మాడుతుంది. మీథేన్‌తో ఆ బెడద చాలా తక్కువ.

మరి ఇన్నాళ్లూ ఇది ఎవరికీ పట్టలేదేం? ఒక్కపూట వండి గిన్నె గోదాట్లో పారేసేవాడికి మసితో పనేముంది! రాకెట్ల కథ అదే. మన ఎల్‌వీఎం3నే చూడండి. శ్రీహరికోట షార్‌లో లేచేటప్పుడు బరువు దాదాపు 640 టన్నులు. సమాచార ఉపగ్రహాలు వెళ్లే బదిలీ కక్ష్యకు అది చేర్చేది 4 టన్నుల పైచిలుకు. తక్కిన బరువులో సింహభాగం ఇంధనం. మిగిలిన ఇంజిన్లూ ట్యాంకులూ ఒక్క ప్రయాణంతో సరి. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఒకసారి నరసాపురం వెళ్లాక దాన్ని ముంచేసి, మర్నాటికి కొత్తది కట్టించే రేవు ఉంటే టిక్కెట్టు ఎంత పెట్టాలో మీరే లెక్కేసుకోండి.

2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్టు ఫాల్కన్-9 మొదటి దశ, అంటే కింది భాగం, నేలమీద నిలువుగా దిగింది. తర్వాత అలాంటి దశల్లో కొన్ని 30 సార్లకు పైగా ఎగిరాయి. అవి నడిచేది కిరసనాయిలు మీదే, కాబట్టి దాంతో అస్సలు కాదనలేం. కానీ దిగిన పూటే మళ్లీ లేవాలంటే మసి పట్టని పొయ్యి కావాలి. అదే కంపెనీ స్టార్‌షిప్‌కి మీథేన్ ఎంచుకుంది. కింది దశలో 33 ఇంజిన్లు. 2024 అక్టోబరులో ఆ దశ తిరిగొస్తే టవరుకున్న రెండు ఇనుప చేతులు గాల్లోనే పట్టుకున్నాయి.

హైడ్రోజన్‌కీ మసి ఉండదు, నిజమే. కానీ దాన్ని ద్రవంగా ఉంచాలంటే మైనస్ 253 డిగ్రీలు. పైగా లీటరు 71 గ్రాములే తూగుతుంది. ధాన్యం బస్తా పట్టే బండిమీద ఊక వేసుకెళ్లినట్టు, ట్యాంకు చూస్తే కొండంత, సరుకు చూస్తే ఇంతే. ద్రవ మీథేన్ లీటరు 420 గ్రాముల దాకా ఉంటుంది, మైనస్ 162 దగ్గరే ద్రవమవుతుంది. దాన్ని మండించే ద్రవ ఆక్సిజన్‌ది మైనస్ 183. రెండు చలులూ దగ్గరదగ్గర కాబట్టి ట్యాంకుల మధ్య ఒక్క గోడతో సరిపెట్టొచ్చు. ఈ బేరం చూసే ఇస్రో కూడా ఇటు తిరిగింది. 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ రూ. 8,240 కోట్లతో ఒప్పుకున్న కొత్త తరం రాకెట్టు మొదటి దశ మీథేన్‌తో నడవాలి, తిరిగి రావాలి. భూమికి దగ్గరి కక్ష్యకి 30 టన్నులు మొయ్యాలి.

అయితే మీథేన్‌తో ఒక టెన్షన్ ఉంది, అది కోనసీమవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. శుద్ధ మీథేన్‌కి రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్‌లో మా కోనసీమలోనే నగరం అనే ఊళ్లో పైపులోంచి కారిన గ్యాసు తెల్లవారుజామున అంటుకుని ఎంతమందిని తీసుకుపోయిందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. 2025 జనవరిలో స్టార్‌షిప్ పై దశ కూలిందీ ఇంజిన్ల పైనున్న ఖాళీలోకి ఇంధనం లీకై మంటలు రేగడం వల్లే. అంత పెద్ద యంత్రం, చివరికి జాయింటు దగ్గర కారడం. పైగా మండకుండా గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు చెడ్డది.

అయినా దీన్ని వదులుకోకపోవడానికి అంగారకుడు ఒక కారణం. అక్కడి గాలి దాదాపు అంతా కార్బన్ డయాక్సైడే. దానికి హైడ్రోజన్ కలిపి, వేడి చేసి, నికెల్ మీదుగా పంపితే మీథేనూ నీళ్లూ వస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త సబాటియే కనిపెట్టిన పద్ధతి ఇది, ఆయనకి 1912లో నోబెల్ ఇచ్చారు. తిరుగు ప్రయాణానికి ఇంధనం అక్కడే కాచుకోవచ్చని ఆశ.

మూడు నాలుగు వందల డిగ్రీల వేడి లేకుండా ఆ పని చేసే సూక్ష్మజీవులు మన పొలాల్లో ఉన్నాయి. గాలి చొరని బురదలో కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ తిని మీథేన్ వదులుతుంటాయి. సార్వాలో నీరు నిలిచిన చేలోకి దిగి, పాదం అడుగుదాకా దించి చూడండి. పిక్కల పక్కనుంచి బుడబుడమని నాలుగు బుడగలు పైకొచ్చి పగులుతాయి.